పిల్లలతో గాలం వేయడానికి ఏ చెరువు మేలు?

చిరంజీవికి పెద్దబాపు ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం.

డిసెంబరు చివర సెలవులకు కోడలినీ పిల్లలనూ తీసుకొని హనుమకొండకు వస్తున్నామనీ, టెక్సాస్‌లో బాస్ చేపలు పట్టడం మరిగిన పిల్లలు ఇక్కడ కూడా గాలం వేయాలని పట్టుబడుతున్నారనీ, పాకాలకు పోవాలో, లక్నవరం పోవాలో, కరీంనగర్ డ్యామ్‌కు పోవాలో చెప్పమనీ రాశావు. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఉండడానికి లక్నవరం పోండి. గాలం వేయడానికి మాత్రం ఆ మూడూ వద్దు, మత్స్యకారుల సంఘాన్ని అడిగి ఒక మామూలు ఊరి చెరువును ఎంచుకోండి.

బాస్ ఉత్తర అమెరికా చేప, మన చెరువుల్లో ఉండదు. అయితే పెద్ద నోటి బాస్ అక్కడ ఎట్లా బతుకుతుందో మన కొర్రమట్ట (కొర్రమీను) ఇక్కడ చాలావరకు అట్లాగే బతుకుతుంది. రెండూ వేటాడి తినేవే; రెండూ ఒడ్డు దగ్గర తుంగలోనో తామరాకుల కిందనో నక్కి ఉండి, పైనుంచి పోయే కప్పను ఒక్క ఉదుటున అందుకుంటాయి; రెండూ తమ పిల్లలను కాచుకుంటాయి. మన రాష్ట్ర చేప కూడా కొర్రమట్టే కాబట్టి, పిల్లలకు దాన్ని చూపించడం నాకు ఎంతో ఇష్టమైన పని. వాళ్లు అక్కడ నేర్చుకున్న ఓపికా చేతివాటమూ ఇక్కడ వృథా పోవు. అందువల్ల చెరువు ఎంత పెద్దది, ఎంత పేరున్నది అని కాకుండా, ఆకులు పరుచుకున్న తక్కువ లోతు అంచు ఎంత ఉంది, అక్కడికి పిల్లలు క్షేమంగా చేరగలరా అని చూసి ఎంచుకోవాలి.

ఈ లెక్కన కరీంనగర్‌లోని దిగువ మానేరు మనకు సరిపడదు. 24 టీఎంసీలు పట్టే జలాశయం అది. కట్ట మీద నిలబడితే కాళ్ల కిందనే లోతు, గాలి వీస్తే అలలు, పిల్లలు కూర్చోవడానికి నీడ తక్కువ. బొచ్చె, రవ్వ వంటి పెద్ద చేపల కోసం గంటల తరబడి కూర్చోగల పెద్దవాళ్లకు అది బాగుంటుందే తప్ప పదేళ్ల పిల్లలకు కాదు. పాకాల విషయం వేరు. 13వ శతాబ్దంలో గణపతిదేవుని ఏలుబడిలో కట్టిన ఆ చెరువు అందం చూసి తీరవలసిందే గాని, అది అభయారణ్యంలో ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అక్కడి చేపలకు కూడా వర్తిస్తుంది కాబట్టి గాలాలు ఇంట్లోనే పెట్టి వెళ్లండి. వడ్డేపల్లి, ధర్మసాగర్ నగరానికి తాగునీరిచ్చే చెరువులు, వాటి జోలికి పోవద్దు.

లక్నవరం హనుమకొండకు దాదాపు 75 కిలోమీటర్ల దూరం. చుట్టూ అడవి, నీళ్ల నడుమ దీవులు, వేలాడే వంతెన, పడవలు, పర్యాటక శాఖ గదులు ఉన్నాయి కాబట్టి గాలం మీద ఆసక్తి లేని కోడలికీ, మీ అమ్మకూ పొద్దు పోతుంది. ఈ మాట తేలికగా తీసుకోవద్దు. చేపల కోసమే స్థలాన్ని ఎంచుకుంటే ఇంట్లో సగం మంది ఒడ్డున కూర్చొని ఎండకు విసుగుపడతారు, పిల్లల ఉత్సాహం కూడా దానితోనే పోతుంది. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన రామప్ప గుడి కూడా ఆ దారిలోనే కలుస్తుంది. రెండు రోజులు అట్లా గడిపి, ఒక్క రోజు మాత్రం చెరువుకు కేటాయించండి.

ఇక ఆ చెరువు సంగతి. మన ఊళ్లలో చెరువు చేపల మీద హక్కు చాలావరకు ముదిరాజులు, బెస్తలు సభ్యులుగా ఉన్న మత్స్యకారుల సహకార సంఘానిది. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను పోయిస్తున్నా, వాటిని ఏడాదంతా కాపాడుకొనేదీ, వాటి మీద బతికేదీ వాళ్లే. సంఘం అధ్యక్షుణ్ణి ముందుగా కలిసి, ఫలానా రోజు పిల్లలతో వస్తామని చెప్పి, పట్టిన చేపను వదిలేస్తామో, తూకం వేయించి డబ్బు చెల్లిస్తామో తేల్చుకోవాలి. టెక్సాస్‌లోని ఫోర్క్ సరస్సులో 16 అంగుళాలకూ 24 అంగుళాలకూ మధ్య ఉన్న బాస్‌ను నీళ్లలోనే వదిలేయాలన్న నియమం పాటించిన పిల్లలకు ఇది కొత్తగా అనిపించదు. నర్సంపేట, ములుగు, పరకాల వైపు చెరువులు కొదువ లేవు. వాటిలో ఒక పక్క తామర, తుంగ ఉండి, మరో పక్క కట్ట మీద చింతచెట్ల నీడ ఉన్నది చూడండి. నీళ్లంతా గుర్రపుడెక్క కప్పేసిన చెరువు వద్దు, గాలం నీటిని తాకే చోటే ఉండదు.

డిసెంబరులో రావడం మంచిదైంది. జూన్‌లో వస్తే చెరువులు అడుగంటి ఉంటాయి. ఆ తరువాత వానలు పడగానే కొర్రమట్ట గుడ్లు పెడుతుంది. నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు సుడి తిరుగుతూ కనిపించిందంటే తల్లిదండ్రులు కిందనే కాపలా ఉంటాయి, అప్పుడు వాటిని పట్టడం న్యాయం కాదు. డిసెంబరులో ఆ ఇబ్బంది లేదు, నీళ్లు నిండుగా ఉంటాయి. అయితే చలికి చేప మందగిస్తుంది గనుక తెల్లవారుజామున పిల్లలను లేపి వణికించకండి. పది గంటలు దాటి ఎండ తగిలి, అంచు నీళ్లు వెచ్చబడ్డాక పోతే చాలు.

కొర్రమట్ట గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు. ఆకుల మధ్య నీళ్లు చిన్నగా చిట్లి, ఒక వలయం లేచి, రెండు మూడు బుడగలు మిగిలితే అది అక్కడ ఉన్నట్టు. వెంటనే ఆ వలయం మీదే వేస్తే బెదిరిపోతుంది. రెండు బారల అవతలికి వేసి, రబ్బరు కప్పను ఆకు మీదికి లాగి ఒక్క క్షణం ఆపి, మెల్లగా నీళ్లలోకి జార్చమని పెద్దవాడికి చెప్పు. చేప అందుకోగానే గుంజకూడదు, కప్పను నోట్లోకి తీసుకొనే వ్యవధి ఇవ్వాలి. ఆ రబ్బరు కప్పలూ, గట్టి అల్లిక దారమూ అక్కడి నుంచే తెచ్చుకోండి. చిన్నదానికి అవేవీ అక్కరలేదు. వెదురు కట్టె, బెండు, ఎర్రలు నేను సిద్ధం చేస్తాను. దానికి పరకలూ జెల్లలూ పడతాయి. జెల్లకు వీపు మీదా, రెండు పక్కలా ముళ్లుంటాయి, గుచ్చుకుంటే చెయ్యి భగ్గున మండుతుంది కాబట్టి పెద్దవాళ్లే గాలం విప్పాలి.

ఒక్క విషయంలో మాత్రం నా మాట జవదాటవద్దు. పిల్లలు మోకాలి లోతు నీళ్లలోకి కూడా దిగరాదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువుల్లో, మొరం తవ్విన చోట్లా నీళ్ల కింద గుంతలు ఉంటాయి. పైకి చదునుగా కనిపించే చోటే అడుగు తీసి అడుగు వేసేలోపు నిలువు లోతు వస్తుంది. యాసంగికి నీళ్లు వదిలే రోజులు గనుక ఏ తూము తెరిచి ఉందో చెరువు నీళ్లు వదిలే నీరటిని అడిగి, ఆ దరిదాపులకు పోకుండా చూడాలి. నిండిన నీళ్లు పొర్లిపోయే మత్తడి రాళ్లు పాకుడు పట్టి ఉంటాయి, అక్కడ ఫొటోల కోసం నిలబెట్టవద్దు. మత్స్యకారులు ప్రేమతో పిలిచినా థర్మాకోల్ తెప్ప ఎక్కించవద్దు. పిల్లల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్లు మీ వెంటే తెచ్చుకోండి.

మీరు దిగే తేదీలు ఖాయం కాగానే తెలియజేస్తే, నేను ముందుగా రెండు మూడు ఊళ్లకు వెళ్లి, సంఘం వాళ్లతో మాట్లాడి, నీళ్ల మట్టం చూసి చెరువు ఖాయం చేస్తాను. లక్నవరంలో గదులు సెలవుల్లో తొందరగా నిండిపోతాయి గనుక వాటి సంగతి మాత్రం నువ్వు ఈ వారంలోనే చూసుకో.

ఇట్లు,
మీ పెద్దబాపు