ఎఫ్‌ఎక్స్3లో 4కె 60కి నా ఎస్‌డీ కార్డు పనిచేయట్లేదు, సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ కొనక తప్పదా?

మీరు అడిగింది క్లుప్తంగా: సెకండ్ హ్యాండ్‌లో సోనీ ఎఫ్‌ఎక్స్3 కెమెరా తీసుకున్నారు. కార్డు మీద సెకనుకు 200 ఎంబీ అని పెద్దగా రాసుంది, కానీ 4కె 60 ఫ్రేములు, ఆల్-ఇంట్రా (ప్రతి ఫ్రేమునీ విడిగా పూర్తిగా దాచే పద్ధతి) పెడితే కెమెరా రికార్డు చేయనంటోంది. కార్డు డూప్లికేటేమో, ఎస్‌డీ కంటే వేగమైన సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ కార్డు కొనాలేమో అని మీ అనుమానం. చెన్నైలో షూటింగుల్లో డేటా పని, అంటే కార్డుల్లోంచి ఫుటేజ్ కాపీ చేసే పని చేస్తుంటాను, ఈ ప్రశ్న నాకు తరచుగా వస్తుంది.

డూప్లికేట్ అయ్యుండకపోవచ్చు. ఆ 200 అనేది చదివే వేగం, అదీ ఆ కంపెనీ రీడర్‌లో పెడితేనే. కెమెరాకి కావాల్సింది రాసే వేగం, ఎక్కడా తగ్గకుండా. దాన్ని చెప్పేది మూలన చిన్నగా ఉండే 'వి' గుర్తు. వి30 అంటే సెకనుకు కనీసం 30 ఎంబీ, వి60 అంటే 60, వి90 అంటే 90. మీరు పెట్టిన సెట్టింగ్ సెకనుకు 600 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఎనిమిదితో భాగిస్తే 75 ఎంబీ. మీది వి30. కెమెరా ఒప్పుకోకపోవడమే న్యాయం!

కాబట్టి వి90 ఎస్‌డీ తీసుకుంటే ఈ పని అయిపోతుంది. 24, 25 ఫ్రేముల ఆల్-ఇంట్రాకి వి60 చాలు. లాంగ్ జీఓపీలో (ఫ్రేముల మధ్య తేడాల్నే దాచి సైజు తగ్గించే పద్ధతి) తీస్తే ఇప్పుడున్న కార్డే సరిపోతుంది, పెళ్ళిళ్ళకి నేనైతే అదే పెట్టమంటాను. సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ నిజంగా అవసరమయ్యేది ఎస్ అండ్ క్యూలో (కెమెరాలోని స్లో మోషన్ మోడ్) 120 ఫ్రేములు ఆల్-ఇంట్రా తీసేటప్పుడు. అక్కడ సెకనుకు 150 ఎంబీ దాకా రాయాలి, వి90 వల్ల కాదు. కొంటే టైప్ ఎ మాత్రమే చూడండి. రెడ్ వి-రాప్టర్, కానన్ సీ300 మార్క్ 3 కెమెరాలకి వాడేది టైప్ బి, మీ స్లాట్‌లో అసలు పట్టదు. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో 'సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్' అని మాత్రం అడిగితే ముందు టైప్ బి తీసి చూపించినా ఆశ్చర్యం లేదు.

కార్డు సంగతి ఇంతే. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది కంప్యూటర్ వైపు.

600 మెగాబిట్లలో గంట ఫుటేజ్ అంటే 270 జీబీ. ప్యాకప్ చెప్పాక ప్రొడక్షన్ మేనేజర్ వచ్చి "తంబీ, ఎంతసేపు? జనరేటర్ కట్టేయాలి" అంటూ నెత్తిన నిలబడతాడు. స్క్రీన్ మీద బార్ కదలదు. కార్డు ఖరీదైనదే, కానీ అవతల ఉన్నది మామూలు పోర్టబుల్ హార్డ్ డిస్క్. అది సెకనుకు 120 ఎంబీ రాస్తే గొప్ప, అంటే దాదాపు నలభై నిమిషాలు. అదే టైప్ ఎ కార్డు నుంచి ఎస్‌ఎస్‌డీకి అయితే, 5 గిగాబిట్ల యూఎస్‌బీ పోర్టులో కూడా పది పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. అందుకే ముందు ఎస్‌ఎస్‌డీ కొనండి, కార్డు సైజు తర్వాత పెంచుకోవచ్చు.

టైప్ ఎ కార్డు ల్యాప్‌టాప్ ఎస్‌డీ స్లాట్‌లో దూరదు, రీడర్ విడిగా కొనాలి. 2007లో సోనీ ఎస్‌ఎక్స్‌ఎస్ కార్డులు వచ్చినప్పుడు ఎక్స్‌ప్రెస్‌కార్డ్ స్లాట్ ఉన్న ల్యాప్‌టాప్‌లో నేరుగా పెట్టేసేవారు. ఆ సుఖం ఇప్పుడు లేదు. ఇంకోటి, ఈ కార్డులు బాగా వేడెక్కుతాయి. రోహిణి కార్తె ఎండలో ఈసీఆర్ (చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద షూట్ చేసి వెంటనే తీస్తే వేళ్ళు చురుక్కుమంటాయి. వేడి పెరిగితే కాపీ వేగం కూడా పడిపోతుంది, రీడర్‌ని నీడలో పెట్టండి.

కాపీ చేసేటప్పుడు క్లిప్పులు మాత్రం లాగి పడేయకండి. 'ప్రైవేట్' ఫోల్డర్ మొత్తం తీసుకోండి, పక్కనుండే ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళలో క్లిప్ వివరాలు ఉంటాయి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లోనే క్లోన్ టూల్ ఉంది. రెండు డ్రైవుల్లోకి ఒకేసారి కాపీ చేసి, ప్రతి ఫైలూ సరిగ్గా వచ్చిందో లేదో చెక్‌సమ్‌తో (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్య) సరిచూస్తుంది. ఆ రెండు కాపీలూ తేలేదాకా కార్డు నా జేబులోనే ఉంటుంది, డైరెక్టర్ అడిగినా ఇవ్వను. ఇవి ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో ఉండే కార్డులు, రాస్తుండగా కేబుల్ లాగేస్తే ఫైళ్ళు పాడయ్యే ప్రమాదం ఎక్కువ. ఎజెక్ట్ కొట్టాకే తీయండి.

డూప్లికేట్ అనుమానం ఇంకా ఉంటే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లో ఎఫ్3 ఉచితంగా దొరుకుతాయి. కార్డు నిండా రాసి తిరిగి చదువుతాయి, చెప్పినంత సైజు లేకపోతే బయటపడుతుంది. చెక్ అయ్యాక మళ్ళీ కెమెరాలోనే ఫార్మాట్ చేయండి.

ఏదో ఒక పాట కోసమే 120 ఫ్రేములు కావాలంటే కొనడం దండగ. వడపళని వైపు కెమెరా అద్దెకిచ్చే చోట్ల టైప్ ఎ కార్డు అడగండి, రీడర్ కూడా కలిపి ఇస్తారో లేదో ఫోన్‌లోనే కనుక్కోండి. అక్కడే మీ కెమెరాలో ఫార్మాట్ చేసి, కాసేపు 120లో తీసి చూసుకున్నాకే బయల్దేరండి.