గోడ పెచ్చుల ఫొటోలతో కెరీరా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మార్కులు బాగానే వస్తాయి. ఏడాదిగా ఫోన్ పట్టుకుని గోడ పెచ్చులు, తుప్పు పట్టిన గేటు, సాంబారు మీద తేలే నూనె, ఇవే తీస్తోంది. అబ్‌స్ట్రాక్ట్ ఫొటోగ్రఫీ నేర్చుకుంటానంటోంది, 90 వేల కెమెరా కొనమంటోంది. వాళ్ల నాన్నకు ఇంజినీరింగ్ తప్ప ఇంకేదీ వినబుద్ధి కావడం లేదు. మనిషి ముఖమే కనిపించని ఈ ఫొటోలతో పొట్ట గడుస్తుందా? అసలు దీన్ని ఫొటోగ్రఫీ అంటారా?
- ఒక తల్లి, విజయనగరం

జవాబు: అమ్మా, ముందు కెమెరా సంగతి తేల్చేద్దాం. ఇప్పుడే వద్దు. మీ అమ్మాయి తీస్తున్న రకం ఫొటోలకు ఫోన్ చాలావరకు సరిపోతుంది. మరీ దగ్గరగా తీయాలంటే ఫోన్‌కు తగిలించుకునే చిన్న మాక్రో లెన్స్ దొరుకుతుంది, కొన్ని వందల్లో అయిపోతుంది. అది కూడా చాలని రోజు వస్తే సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ (లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా) చూడొచ్చు.

వస్తువు కన్నా దాని గీత, రంగు, ఆకారాలనే చూపించే అబ్‌స్ట్రాక్ట్ కూడా ఫొటోగ్రఫీయే. నిన్నమొన్న పుట్టింది కూడా కాదు. 1916లో అమెరికాలో పాల్ స్ట్రాండ్ అనే ఫొటోగ్రాఫర్ గిన్నెలనూ, వరండాలో పడిన నీడలనూ ఇలాగే తీశారు. ఆ మరుసటి ఏడాదికల్లా లండన్‌లో ఆల్విన్ లాంగ్‌డన్ కోబర్న్ కెమెరా ముందు ముఖం చూసుకునే అద్దాల్లాంటివి మూడు బిగించి, ఏ వస్తువో పోల్చుకోలేని ఫొటోలు ప్రదర్శనకు పెట్టారు. గోడ పెచ్చులంటారా, అమెరికా ఫొటోగ్రాఫర్ ఆరన్ సిస్కిండ్ పేరు నిలిచిందే వాటితో. మన దేశంలో చిత్రకారిణి నస్రీన్ మొహమ్మదీ ఉన్నారు. బరోడాలో పాఠాలు చెబుతూ, గీతలూ నీడలే విషయంగా నలుపు తెలుపు ఫొటోలు తీశారు. బతికుండగా వాటిని ప్రదర్శించలేదు.

ఇక పొట్ట సంగతి. కేవలం అబ్‌స్ట్రాక్ట్ ప్రింట్లు అమ్ముకుని ఇల్లు నడిపేవాళ్లు చాలా తక్కువ. హోటళ్లు, ఆఫీసులు గోడలకు కొంటాయి, గ్యాలరీలు కొంటాయి, కానీ అది నెలనెలా వచ్చే ఆదాయం కాదు. జీతంలా డబ్బొచ్చేది ప్రొడక్ట్ ఫొటోగ్రఫీ, ఇంటీరియర్స్, ఆర్కిటెక్చర్, ప్రకటనల్లో. నగ మీద వెలుగు ఎటు నుంచి పడాలి, గాజు సీసా అంచు ఎలా మెరవాలి, ఇవి తెలిసినవాళ్లనే అక్కడ పిలుస్తారు. సాంబారు మీద నూనె చుక్కను ఓపిగ్గా చూసే పిల్లకు ఆ కన్ను సగం వచ్చినట్టే. కాబట్టి నా మాట ఇది: అబ్‌స్ట్రాక్ట్‌ను ఉద్యోగం అనుకోవద్దు, కంటికి సాధన అనుకోమనండి.

సాధన ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఆమె ఫిజిక్స్ పుస్తకంలోనే. తరంగ దృశాశాస్త్రంలో ధ్రువణం (కాంతి తరంగాలు ఒకే దిశలో కంపించడం, పోలరైజేషన్) చదివే ఉంటుంది. ఇంట్లో ఎల్‌సీడీ స్క్రీన్ ఉన్న లాప్‌టాప్ ఉంటే దాని మీద ఖాళీ తెల్ల పేజీ తెరవాలి. పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసెస్ అద్దాన్ని ఫోన్ కెమెరా ముందు పెట్టి మెల్లగా తిప్పాలి. ఒక కోణంలో స్క్రీన్ నల్లబడుతుంది. అక్కడే ఆపి, స్క్రీన్‌కీ అద్దానికీ మధ్య పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ స్కేలో, సీడీ డబ్బానో పెట్టండి. ఆ నలుపు మీద ఊదా, పసుపు, ఆకుపచ్చ చారలు తేలతాయి. ప్లాస్టిక్‌ను అచ్చు పోసినప్పుడు లోపల మిగిలిపోయిన ఒత్తిడే ఆ రంగులు. స్కేలు కొంచెం వంచితే చారలు జరుగుతాయి. వాళ్ల నాన్నగారికి కూడా చూపించమనండి. ఇంజినీర్లు డిజైన్లలో ఒత్తిడి ఎక్కడ పడుతుందో చూడటానికి వాడే పద్ధతికి మూలం ఇదే.

ఇంకొకటి, తాటితోపులో సాయంత్రం పొద్దు వాలాక. ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో ఐఎస్‌వో (వెలుగును పట్టే సున్నితత్వం) తగ్గించి, షట్టర్ తెరిచి ఉండే సమయం పావు సెకనుకో అర సెకనుకో పెట్టి, క్లిక్ చేస్తూ ఫోన్‌ను కింది నుంచి పైకి జరపాలి. మానులన్నీ గీతలైపోతాయి. మిట్టమధ్యాహ్నం తీస్తే అంతా తెల్లగా మాడిపోతుంది, అంతే. ఇలా తీయడానికి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో రంగు మీద రంగు వేసిన పడవల పక్కలు మీకు దగ్గరే, శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడులు కాస్త దూరం.

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు, ప్రతి ఫొటోనీ పొడుపుకథ చేయడం. 'ఇదేంటో చెప్పుకోండి' అని అడగడం, చెప్పేశాక ఇక చూడటానికి ఏమీ మిగలకపోవడం. వస్తువేదో తెలిశాక కూడా ఇంకాసేపు చూడబుద్ధయ్యేదే మంచి ఫొటో. అలాంటివి ఒకే విషయం మీద 15 పోగు చేయాలి. ఇవాళ గోడ, రేపు పువ్వు అని కలగాపులగం చేస్తే అది పోర్ట్‌ఫోలియో (తన పని చూపించే ఫొటోల సంకలనం) కాదు.

చదువు విషయంలో రెండు దారులున్నాయి. ఒకటి, ఇంటర్ అవ్వగానే నాలుగేళ్ల బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ). హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో ఫొటోగ్రఫీకే విడిగా బీఎఫ్ఏ ఉంది, ఎఫ్ఏడీఈఈ ఎంట్రన్స్ రాయాలి. మీరు ఏపీ వాళ్లు కాబట్టి స్థానికత నిబంధనలు నోటిఫికేషన్‌లో జాగ్రత్తగా చూసుకోండి. కడపలోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీకి ఏడీసెట్ అనే ఎంట్రన్స్ ఉంటుంది. రెండో దారి, బీటెక్ పూర్తి చేసి ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో పీజీ. గాంధీనగర్ క్యాంపస్‌లో ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎండెస్ (డిజైన్‌లో పీజీ) ఉంది, నాలుగేళ్ల డిగ్రీ ఏదైనా సరే దాని ఎంట్రన్స్ అయిన డాట్ పరీక్ష రాసుకోవచ్చు. మీ ఇంట్లో వాతావరణం చూస్తే నాకు రెండోదే నయమనిపిస్తోంది. కానీ పిల్లకు బీటెక్ మీద బొత్తిగా మనసు లేకపోతే బలవంతంగా తోయొద్దు. నాలుగేళ్ల ఫీజు, బ్యాక్‌లాగ్‌ల టెన్షన్ రెండూ మీకే.

ఈఏపీసెట్ అయ్యేదాకా ఫొటోలకు వారానికి ఒక్క ఆదివారం చాలు. పరీక్షలయ్యాక ఆ 15 ఫొటోలనూ ఊళ్లో ల్యాబ్‌లో పెద్ద సైజులో ప్రింట్ వేయించండి, ఫోన్ స్క్రీన్ మీద కనపడని లోపాలు ప్రింట్‌లో బయటపడతాయి. అవి పట్టుకుని విశాఖ ఆంధ్ర యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగానికి వెళ్లి ఎవరైనా అధ్యాపకులకు చూపించి మాట్లాడండి. వాళ్ల నాన్నగారినీ వెంట తీసుకెళ్లండి.