వ్యాపారం వల్లే ఆఫ్రికాలో రాజ్యాలు పుట్టాయా? కిల్వా చూసొచ్చాక నాకు తోచిన జవాబు

మీరు రెండు అడిగారు: మధ్యయుగ ఆఫ్రికాలో రాజ్యాలు వ్యాపారం వల్లే ఎదిగాయా, వాటిని అరబ్బులే వచ్చి కట్టారా అని. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను, లెక్కలు రాసుకునేవాణ్ణి. నాలుగేళ్లు టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో ఒక కంపెనీ అకౌంట్లు చూశాను. అప్పుడు ఒక సెలవుల్లో దక్షిణంగా దాదాపు 300 కిలోమీటర్లు బస్సులో పోయి, కిల్వా మసోకో ఊళ్లో అనుమతి కాగితం రాయించుకుని, తెరచాప పడవలో కిల్వా కిసివాని దీవికి వెళ్లాను. నా జవాబు అక్కణ్ణుంచే వస్తుంది.

ఒడ్డున ముందు కనిపించేది గెరెజా కోట. లోపలికి నడిస్తే పగడపు రాయితో కట్టిన పెద్ద మసీదు. అందులో పాత భాగం 11వ శతాబ్దం నాటిది, గుమ్మటాలున్న భాగం తర్వాత పెంచింది. ఇంకాస్త దూరంలో సముద్రం మీదికి చూస్తూ హుసుని కుబ్వా అనే రాజభవనం. వందకు పైగా గదులు, ఎనిమిది మూలల స్నానాల కొలను. 1331లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఈ దీవికొచ్చాడు. అప్పటి సుల్తాను హసన్ బిన్ సులేమాన్ ఎంత ధారాళంగా ఇచ్చేవాడంటే అతన్ని అబుల్ మవాహిబ్, అంటే దానాల తండ్రి, అని పిలిచేవారట.

మరి అంత డబ్బు ఎక్కడిది? దీవిలో బంగారం గని లేదు. బంగారం జింబాబ్వే పీఠభూమిలో పుట్టి, ఇప్పటి మొజాంబిక్‌లోని సోఫాలా రేవుకి దిగేది. కిల్వా అక్కడికి చాలా ఉత్తరాన ఉంది. అయినా లాభం కిల్వాకే ఎందుకు పోయిందో నాకు తిరుగు ప్రయాణంలో కాస్త అర్థమైంది.

దాటాల్సింది చిన్న పాయే. సగం దూరం వచ్చేసరికి గాలి పడిపోయింది. నహోధా (పడవ పెద్దని అక్కడ అలా అంటారు) తెరచాప చుట్టేసి, "హకునా ఉపేపో", గాలి లేదు, అని చెప్పి కాళ్లు చాపుకున్నాడు. ఎండలో రెండు గంటలు. నా దగ్గర నీళ్లు తప్ప ఏమీ లేవు. ఆయన మూటలోంచి చపాతీ తీసిచ్చాడు, డబ్బులు కూడా తీసుకున్నాడు లెండి. బేరమాడే స్థితిలో నేను లేను.

పాత ఓడల పరిస్థితీ అంతే, కాకపోతే గంటలకు బదులు నెలలు. డిసెంబరు నుంచి మార్చి దాకా ఈశాన్యపు గాలి, అక్కడివాళ్లు కస్కాజీ అంటారు. అది అరేబియా నుంచి, గుజరాత్ నుంచి ఓడల్ని కిందికి తోస్తుంది. ఆ తర్వాత కూసీ, అంటే మనకు వానలు తెచ్చే నైరుతి గాలే, వాటిని వెనక్కి పంపుతుంది. ఒక్క రుతువులో వచ్చి తిరిగి వెళ్లాలంటే కిల్వాయే ఆఖరి మజిలీ. సోఫాలా దాకా పోతే ఇంకో ఏడాది చిక్కుకుపోవాలి. కాబట్టి సరుకు కిల్వాలో దించాలి, అక్కణ్ణుంచి దక్షిణానికి కిల్వా వాళ్లే మోసుకుపోవాలి. గాలి కోసం ఆగినవాడికి తిండి, గోదాము, మధ్యవర్తి అన్నీ కావాలి. ప్రతిదాని మీదా సుల్తానుకు సుంకం. పైగా సోఫాలా మీద పెత్తనం కూడా కిల్వా చేతికొచ్చింది. సొంతంగా రాగి నాణేలు కొట్టించే స్థాయికి ఎదిగారు.

ఇక అరబ్బుల సంగతి. పర్షియాలోని షిరాజ్ నుంచి వచ్చిన రాకుమారుడు దీవి చుట్టూ చుట్టొచ్చేంత గుడ్డ ఇచ్చి దాన్ని కొన్నాడని కిల్వా పాత చరిత్ర చెబుతుంది. కథ బాగుంది. కానీ తవ్వకాల్లో రాతి కట్టడాలకంటే ముందే మట్టి గోడల ఇళ్లలో చేపలు పట్టుకుంటూ, ఇనుము కరిగించుకుంటూ బతికిన స్థానికుల జాడ దొరికింది. 2023లో వచ్చిన డీఎన్‌ఏ పరిశోధన ప్రకారం ఈ తీరపు పాత పట్టణాల వాళ్లలో తల్లుల వైపు ఎక్కువగా ఆఫ్రికన్ రక్తం, తండ్రుల వైపు చాలావరకు పర్షియన్ రక్తం. వచ్చినవాళ్లు అల్లుళ్లయ్యారు, భాష మాత్రం బంటు అనే ఆఫ్రికా భాషల కుటుంబానికి చెందిన స్వాహిలీయే నిలిచింది. అందులో కొట్టుని 'దుకా' అంటారు, మన దుకాణమే. మొదటి రోజు ఆ బోర్డు చూసి నాకు భలే సరదా వేసింది.

అయితే వ్యాపారమే అంతా అనుకోకండి. బంగారం వచ్చిన వైపున గ్రేట్ జింబాబ్వే ఉంది. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, కొన్నిచోట్ల 11 మీటర్ల ఎత్తు. అక్కడ ఆస్తి అంటే ముందు పశువుల మందలే. మందలున్న పెద్దలకే బంగారం, ఏనుగు దంతం కూడబెట్టే బలం వచ్చింది. అక్కడి తవ్వకాల్లో మన దేశపు గాజు పూసలు దొరికాయి, హసన్ బిన్ సులేమాన్ నాణెం ఒకటి కూడా. సోఫాలా జనం గుజరాత్‌లోని కాంబే నుంచి వచ్చిన నీలి గుడ్డల్ని దారం దారంగా విప్పి, తమ తెల్ల నూలుతో కలిపి మళ్లీ నేసేవారని పోర్చుగీసు వాడు బార్బోసా రాశాడు. వచ్చిన సరుకుని వచ్చినట్టు వాడుకునే రకం కాదు వాళ్లు.

పడమటి ఆఫ్రికా వైపు మాలి రాజు మన్సా మూసా 1324 హజ్ యాత్ర అందరికీ తెలిసిందే, వదిలేస్తాను. నాలాంటి లెక్కలవాడికి నచ్చేది అంతకుముందున్న ఘానా రాజ్యం (ఇప్పటి ఘానా దేశం కాదు). 1068లో స్పెయిన్‌లోని అరబ్ భూగోళ రచయిత అల్ బక్రీ రాసినదాన్ని బట్టి, గాడిద మోసే ఉప్పు బరువు లోపలికి వస్తే రాజుకి ఒక బంగారు దీనారు, బయటికి పోతే రెండు. గనుల్లో దొరికిన బంగారు ముద్దలు రాజువి, పొడి జనానిది. ముద్దల్ని కూడా జనానికే వదిలేస్తే బంగారం ధర పడిపోతుందని వాళ్లకు తెలుసు.

కిల్వాకి తిరిగొస్తే, 1502లో వాస్కో డ గామా బెదిరించి కప్పం కట్టించుకున్నాడు. 1505లో ఇంకో పోర్చుగీసు నాయకుడు అల్మేడా ఊరిని దోచాడు, ఒడ్డున కోట మొదట కట్టింది అప్పుడే. తర్వాత బంగారం వేరే దారులు పట్టింది, వర్తకులు వేరే రేవులు వెతుక్కున్నారు. 1512లో పోర్చుగీసు వాళ్లు కిల్వా వదిలేసి పోయారు.