మాజీ సైనికుల ప్రశ్నలు: వైకల్య పింఛను తిరస్కరిస్తే అప్పీలు ఎలా రాయాలి?

ప్రశ్న: నౌకాదళంలో ఇంజిన్ రూము మెకానిక్‌గా ఇరవై ఏళ్లు పనిచేసి 2021లో విడుదలయ్యాను. విడుదల వైద్య పరీక్షలో రక్తపోటు ఉందని తేల్చి, జీవితాంతం 30 శాతం వైకల్యం అని రాశారు. కానీ అది సర్వీసు వల్ల రాలేదు, ముదరలేదు అంటూ వైకల్య పింఛను తిరస్కరించారు. అప్పట్లో అప్పీలు చేసుకోలేదు. ఇప్పుడు రాసిన దరఖాస్తు మీకు పంపుతున్నాను. సరిపోతుందా?
– ఒక మాజీ నావికుడు, గాజువాక

జవాబు: మీ దరఖాస్తు శ్రద్ధగా చదివానండీ. మీ సేవ గురించి, పిల్లల చదువుల గురించి, ఇంటి అప్పు గురించి రాశారు. ప్రతి మాటా నిజమే. అయితే అప్పీలు కమిటీ తేల్చవలసింది ఒక్కటే: వైద్య బోర్డు చెప్పిన కారణం నిలుస్తుందా, నిలవదా? ఆ కారణం ఏమిటో మీ దరఖాస్తులో ఎక్కడా లేదు. నేను నౌకాదళంలో రైటర్ శాఖలో, అంటే కాగితాలు, రికార్డులు చూసే శాఖలో పనిచేసినవాణ్ణి. విశాఖలో మల్కాపురం, సింధియా, గాజువాకల్లోని మనవాళ్ల కాగితాలు ఇప్పటికీ చూస్తుంటాను. న్యాయం పూర్తిగా తమ వైపే ఉన్నవాళ్లు కూడా ఇక్కడే ఓడిపోతుంటే మనసుకు చాలా కష్టంగా ఉంటుంది.

ముందు వైద్య బోర్డు కాగితాల నకలు సంపాదించండి. ఆ ఫారం పేరు ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16. మీ దగ్గర లేకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగవచ్చు. అందులో బోర్డు తన అభిప్రాయం రాసే పట్టిక ఒకటి ఉంటుంది. జబ్బు పేరు, సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసు వల్ల ముదిరిందా, చివరి గడిలో కారణం. రక్తపోటు కేసుల్లో ఆ గడిలో తరచుగా కనిపించే మాట 'పీస్ స్టేషన్‌లో (యుద్ధ వాతావరణం లేని మామూలు స్థావరంలో) మొదలైంది' అని. మీ కాగితంలోనూ అదే ఉంటే, అప్పీలంతా ఆ ఒక్క మాటకు జవాబుగా ఉండాలి.

దానికి జవాబు ఉంది. మీరు విడుదలైన 2021లో సైనిక వైద్యాధికారులు పింఛను విషయంలో అనుసరించిన మార్గదర్శక గ్రంథం 2002 నాటిది, 2008లో సవరించారు. అందులో 43వ పేరా రక్తపోటు గురించే. ఫీల్డ్ ప్రాంతాలు (సరిహద్దుల వంటి కఠిన విధుల ప్రాంతాలు), ఎత్తైన పర్వత ప్రాంతాలతో పాటు, ఎక్కువ కాలం ఓడ మీద సేవ చేస్తుండగా వచ్చిన రక్తపోటును కూడా సర్వీసు వల్ల ముదిరినట్లే లెక్కించాలని అక్కడ ఉంది. విశాఖ పీస్ స్టేషనే కావచ్చు. కానీ మీ ఉద్యోగం ఓడ అడుగున, ఇంజిన్ల వేడిలో, రాత్రి వాచీల్లో (వంతులవారీ డ్యూటీల్లో) గడిచింది. ఏ ఓడలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నారో ఒక వరుసలో రాయండి. రక్తపోటు మొదటిసారి నమోదైన తేదీని దాని పక్కన పెట్టండి. ఆ తేదీ ఎక్కువ కాలం సాగిన ఓడ సేవలో పడితే అది మీకు బలమైన ఆధారం.

ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తప్పక పేర్కొనండి. చేరేనాటి రికార్డులో జబ్బు ప్రస్తావన లేకపోతే ఆరోగ్యంగా చేరినట్లే భావించాలని, ఆ తర్వాత వచ్చిన జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదని చూపించవలసిన భారం యజమానిదేనని అందులో చెప్పారు. చేరినప్పటి వైద్య పరీక్ష కాగితం జతచేయండి.

ఇక గడువు. మొదటి అప్పీలుకు ఆరు నెలలు, రెండో అప్పీలుకు మరో ఆరు నెలలు. మీకు అది దాటిపోయింది కాబట్టి, కారణం ఉన్నది ఉన్నట్టు రాసి, ఆలస్యాన్ని మన్నించమని కోరండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆరు నెలలైనా నిర్ణయం రాకపోతే, సైనికుల సర్వీసు వివాదాలు తేల్చే సాయుధ బలగాల ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. మన రాష్ట్రం చెన్నై బెంచి పరిధిలోకి వస్తుంది. ఆలస్యమైనంత మాత్రాన నెలనెలా రావలసిన పింఛను హక్కు పోదని తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చెబుతోంది. కానీ ఆ కేసులోనే బకాయిలను మూడేళ్లకు పరిమితం చేశారు. ఇంకా జాగు చేయకండి.

మీ వైపు తేలితే 30 శాతాన్ని 50 శాతంగా లెక్కించమని అడగండి. పూర్తికాలం సేవ చేసి వచ్చినవారికీ ఇది వర్తిస్తుందని 2014లో సుప్రీంకోర్టులో రామ్ అవతార్ కేసులో తేలింది. అప్పుడు లెక్కలోకి వచ్చే ఆఖరి జీతంలో 15 శాతం, దానిపై కరవు భత్యం, మీ మామూలు పింఛనుకు అదనంగా వస్తాయి.

ప్రశ్న: సైన్యంలో పనిచేసిన నా భర్త రెండో అప్పీలును తోసిపుచ్చారు. రెండు నెలలకే ఆయన చనిపోయారు. మనిషే పోయాక కేసెక్కడిదని మా బంధువులంటున్నారు.
– ఒక సోదరి, భీమునిపట్నం

జవాబు: వాళ్ల మాట పట్టించుకోకండమ్మా. సాయుధ బలగాల ట్రైబ్యునల్ చట్టం పదవీ విరమణ చేసినవారికే కాదు, వారిపై ఆధారపడినవారికి, వారసులకు కూడా వర్తిస్తుందని 2వ సెక్షన్‌లోనే ఉంది. ఆయన బతికున్న కాలానికి రావలసిన బకాయిలు మీరు అడగవచ్చు. చివరి నిర్ణయం వచ్చిన ఆరు నెలల్లోగా పిటిషను వేయాలి. దాటితే తగిన కారణం చూపాలి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మరణ ధ్రువపత్రం, పింఛను ఉత్తర్వు, రెండు తిరస్కరణ లేఖలు పట్టుకుని విశాఖలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఈ వారంలోనే వెళ్లండి.