సగంలో ఆగిన చిన్నాకి

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. హీరో కిటికీలోంచి బయటికి కూడా చూడడు, అలాంటివాడు ప్రపంచం తిరిగితే ఎంత తిరక్కపోతే ఎంత బాబాయ్ అని రాశావు కదా, నవ్వొచ్చింది. జూల్ వెర్న్ ‘ఎనభై రోజుల్లో భూప్రదక్షిణ’ని మొదటిసారి నేనూ కలకత్తా దగ్గరే పక్కన పడేశాను. అంటే నువ్వు ఆగిన చోటే, 37 అధ్యాయాల్లో 15 అయ్యాక.

పడేసినవాణ్ణి ఊరుకున్నానా, చివరి అధ్యాయం తిప్పి చూశాను. ఎంత తెలివితక్కువ పనో కొన్నాళ్ళకి మళ్ళీ మొదలుపెట్టినప్పుడు తెలిసింది. ఓడ ఆలస్యమైనా రైలు ఆగినా టెన్షన్ లేదు, జవాబు చూసేసి లెక్క చేస్తున్నట్టుంది. కాబట్టి మానెయ్యాలనిపిస్తే మానెయ్, చివరి పేజీల జోలికి మాత్రం వెళ్ళకు. సినిమా కూడా ఇప్పుడే వద్దు. 1956లో వచ్చినదాంట్లో బెలూన్ ఉంటుంది, నవలలో ఎనభై రోజుల్లో ప్రపంచం చుట్టొస్తానని పందెం కట్టిన మన హీరో ఫాగ్ బెలూన్ ఎక్కనే ఎక్కడు. అది చూశావంటే పుస్తకంలో బెలూన్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చుంటావు.

ఫాగ్ మనిషి కాదు మెషీన్ అన్నావు. గెడ్డం గీసుకునే నీళ్ళు 86 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాల్సింది 84 ఉన్నాయని నౌకర్ని తీసేసినవాడు మరి, అలా అనిపించడంలో నీ తప్పేం లేదు. కానీ ముంబయి స్టేషన్లో భోజనానికి కూర్చుంటాడే, అక్కడ ఇంకోసారి చదువు. కుందేలు మాంసమని వడ్డిస్తే రుచి చూసి, హోటలువాణ్ణి పిలిపించి, దీన్ని చంపినప్పుడు మ్యావ్ అనలేదా అని అడుగుతాడు. ఎక్కడా నవ్వడు. తర్వాత 12వ అధ్యాయం చివర, చచ్చిపోయిన భర్తతో పాటు కాల్చెయ్యబోతున్న ఆవుదా అనే అమ్మాయి దగ్గర చూడు. నాకింకా 12 గంటలు మిగులున్నాయి, ఆ అమ్మాయిని కాపాడదాం అంటాడు. అరె, మీకూ మనసుందే అని తోటి ప్రయాణికుడు సర్ ఫ్రాన్సిస్ అంటే, అప్పుడప్పుడు, టైం ఉన్నప్పుడు అంటాడు. ఏనుగు హడావిడిలో ఈ మాట నువ్వు దాటేసి ఉంటావు. నన్నడిగితే మనిషి మొత్తం ఆ ఒక్క మాటలో ఉన్నాడు, ఇక్కణ్ణుంచి అతన్ని ఆ మాట పట్టుకునే గమనించు.

మన దేశం వచ్చిన అధ్యాయాలు చదివితే ఒళ్ళు మండిందన్నావు, మండాలి కూడా. వెర్న్ ఇక్కడికి ఎప్పుడూ రాలేదు. 1829లోనే బెంగాల్లో సతీసహగమనాన్ని నిషేధించారు, 1872లో జరిగే కథకి అదే మసాలా అయ్యింది, మనవాళ్ళలో ఆ పార్శీ మావటికి తప్ప చాలామందికి మాటే లేదు. ఇది అతని లోపమే, సర్ది చెప్పను. ఇంకో తమాషా విను. బొంబాయి నుంచి కలకత్తా దాకా రైలు పడిందని పేపర్లు రాశాయి, తీరా చూస్తే మధ్యలో పట్టాలే లేవు, అందుకే ఏనుగుని 2,000 పౌండ్లు పెట్టి కొనాల్సొచ్చింది కదా? నిజానికి 1870లోనే జబల్‌పూర్ మీదుగా లైను కలిసిపోయింది. అంటే పేపర్లే కరెక్టు, లేనిది ఆ ఖాళీ. ఏనుగు కోసం రైలు పట్టాలు పీకేశాడు మహానుభావుడు! ఇలాంటివి నువ్వు చదువుతూ చదువుతూ ఫోన్లో వెతకడం మొదలుపెట్టకు, కథ చేయి జారిపోతుంది, అయ్యాక తీరిగ్గా చూసుకోవచ్చు.

నువ్వు చెయ్యాల్సిన పని ఒకటి చెబుతాను. ఫాగ్ నోట్‌బుక్ పెట్టుకుని ఎన్ని రోజులు కలిసొచ్చాయో ఎన్ని పోయాయో రాసుకుంటాడు కదా, నువ్వూ ఒక కాగితం మీద రాయి. ముంబయికి రెండు రోజులు ముందొచ్చాడు, కలకత్తాకి ఆ రెండూ పోయి సరిగ్గా అక్టోబరు 25కి తేలాడు. పక్కన ఆ రోజు నీకేమనిపించిందో ఒక్క ముక్క రాయి. బోర్ అనిపిస్తే బోర్ అనే రాయి, మొహమాటం వద్దు. పుస్తకం అయ్యాక మొదట్లో ఏమనుకున్నావని ఎవరైనా అడిగితే నిజం చెప్పలేవు, ముగింపు మన జ్ఞాపకాన్ని దిద్దేస్తుంది. ఆ కాగితం ఒక్కటే అబద్ధం చెప్పదు. అలాగే ఫాగ్ కొత్త నౌకరు పాస్‌పార్తూ లండన్ టైం నుంచి కదపనంటున్న ఆ వాచీ గురించి కూడా ఒక లైను రాసుకో. ఎందుకని అడగకు, చెప్పను.

ఒక్క రాత్రిలో లాగించెయ్యాలని చూడకు. ఇది 1872 నవంబరు, డిసెంబరుల్లో పారిస్ పేపర్లో సీరియల్‌గా వచ్చింది, కథ ముగిసే తేదీ డిసెంబరు 21, అప్పటి పాఠకులకి చివరికొచ్చేసరికి కథలోని రోజులూ బయటి రోజులూ దాదాపు కలిసిపోయాయి. రోజుకి రెండు అధ్యాయాలు చాలు.

ఫాగ్ నీకు ఎక్కకపోతే పోనీ, పాస్‌పార్తూని పట్టుకో. కలకత్తా కోర్టులో తన బూట్లు చూసి అరుస్తాడే, జత మీద 2,000 పౌండ్లు జామీను పోయాక అవి కరుస్తాయి కూడా అని గొణుగుతాడే, ఆ మనిషి కళ్ళతో చదివితే ఊళ్ళన్నీ కనిపిస్తాయి. ఫాగ్ వెంటపడుతున్న డిటెక్టివ్ ఫిక్స్ హాంకాంగ్‌లో ఇతన్ని ఏం చేస్తాడో చదివాక నాకు రాయి. ఫిక్స్ మీద నీకు కోపమొస్తుందో జాలేస్తుందో చూడాలనుంది.

మీ బాబాయి