దస్తాల్ అంటే సంపాయించుడా, సతాయించుడా?

ప్రశ్న: మా అన్న కొడుకు రష్యాల ఎంబీబీఎస్ చదువుతుండు. క్లాసుల మేడమ్ "దస్తాన్తే తిత్రాది" అంటే నోటుబుక్కులు తియ్యుండ్రి అని సమజైందట. అదే రాత్రి వీడు పాటలు గట్టిగ పెడితే పక్క రూమ్ పిలగాడొచ్చి "తీ మిన్యా దస్తాల్" అని ఒర్లిండట. ఫోన్ల చూస్తే దస్తాల్ అంటే 'సంపాయించిండు' అని వచ్చిందట, ఏం సంపాయించినట్టు సార్? ఈ మాట మన దస్తీకి ఏమన్న చుట్టమా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: దస్తీకి ఏం కాదమ్మా, అది ఫారసీ 'దస్త్' అంటే చెయ్యి, అండ్లకెల్లి వచ్చింది. ఈ రష్యన్ మాట అసలు రూపం 'దస్తాత్'. ముందున్న ముక్కకు 'దాకా' అని అర్థం, వెనక 'స్తాత్' నిలబడుడుకు సంబంధించింది, స్థానం స్థితి అనే మాటలల్ల ఉన్న సంస్కృతం 'స్థా'కు దూరపు చుట్టం. అటక మీది డబ్బా చెయ్యి సాపి అందుకున్నా దస్తాత్, సంచిల నుంచి బుక్కు తీసినా దస్తాత్.

అసలు మజా సోవియట్ కాలంల ఉంది. జేబుల పైసలుండేవి గని దుకాణంల సరుకు ఉండకపోతుండె, అందుకే మంచి బూట్లో జీన్స్ ప్యాంటో చేతికొస్తే 'కొన్న' అనకుండ 'దస్తాల్' అనేటోళ్లు, అంటే తిప్పలుపడి పైరవీ చేసి తెచ్చిన అని. పైరవీకి వాళ్ల మాట 'బ్లాత్'. పైసలిచ్చి కొనేదే అయినా లైన్ల ఉన్నోళ్లను "ష్తో దయూత్?", ఏమిస్తుండ్రు అని అడుగుతుండ్రి. మనం కంట్రోల్ దుకాణం కాడ "గ్యాస్ నూనె ఇస్తుండ్రా" అనలేదా? యూరియాకు చెప్పులు లైన్ల పెట్టి పొద్దుందాక నిలబడ్డాయన "రెండు బస్తాలు దొరికిచ్చుకున్న" అంటడు గద, దస్తాల్‌కు అంతకన్న సక్కటి తెలుగు నాకు తట్టలే. ఇంకో సంగతి, మాస్కోల మంచి పుస్తకం గూడ గిట్లనే దొరికిచ్చుకోవాల్సొచ్చేది, అదే దేశం అచ్చేసిన తెలుగు పుస్తకాలేమో మనం విశాలాంధ్ర పుస్తకాల దుకాణంల అగ్గువకు కొనుక్కుంటిమి!

ఇగ మీ పిలగాని సంగతి. చెయ్యి అందుడు కాస్త మనిషి ఓపిక దాకా పోయింది, "తీ మిన్యా దస్తాల్" అంటే "నీతోని యాష్టకొచ్చింది" అని. సతాయింపు ఇంకా నడుస్తున్నా అయిపోయినట్టే అంటరు, మన 'వచ్చింది' లెక్కనే. ఆడపిల్లనైతే 'దస్తాలా' అంటరు. బూతేం కాదు గని ప్రొఫెసర్లతోని అనొద్దని చెప్పుండ్రి, పాటల సౌండ్ గూడ జర తగ్గించుమనుండ్రి.