సిగరెట్ మానితే లావెక్కుతానా?

"మా నాయన, చిన్నాయన ఇద్దరూ లావే. నేను రోజుకు పది సిగరెట్లు తాగుతా, సన్నగున్నా. మానేస్తే నాకూ ఆ ఒళ్ళొస్తుందా?" అని అనంతపురం తమ్ముడు అడిగినాడు.

కొంత వస్తుంది. ఎఫ్‌టీఓ జీన్‌లో లావెక్కించే రకం 2007లో బయటపడింది. యూరప్ వాళ్ళ లెక్కల్లో, అమ్మ నుంచీ నాయన నుంచీ అదే రకం వచ్చినవాళ్ళు అసలు రానివాళ్ళకన్నా సగటున 3 కిలోలు ఎక్కువ తూగినారు. మూడే! ఒళ్ళంతా వంశం మీదికి నెట్టేవాళ్ళు ఈ అంకె చూడాల.

నీకు పనికొచ్చేది 15వ క్రోమోజోము. అక్కడి నికోటిన్ రిసెప్టర్ (పొగాకులోని నికోటిన్‌ను ఒంట్లో పట్టుకునేది) జీన్లలో ఒక రకం ఉన్నవాళ్ళు పొగ ఎక్కువ పీలుస్తారు, తాగినన్నాళ్ళూ బరువు తక్కువుంటారు. అదే రకమున్నా పొగ ముట్టనివాళ్ళలో ఆ తగ్గుదల కనబడదు. అంటే నీ సన్నదనంలో కొంత నికోటిన్ దగ్గర తెచ్చిన అప్పే. మానిన ఏడాదిలో సగటున 4-5 కిలోలు పెరిగేది అందుకే, అందులోనూ ఎక్కువ మొదటి 3 నెలల్లో.

అసలు సన్నగున్నావా? పొగ తాగేవాళ్ళకు కొవ్వు పొట్టలో చేరుతుంది. ప్యాంటు సైజు చెప్పొద్దు, మనోళ్ళు బెల్టు బొడ్డు కిందికి దించి 32 అంటారు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్య టేపు చుట్టి, ఊపిరి వదిలినాక చూడు. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు హద్దు.

నికోటిన్ గమ్ (సిగరెట్ మానేందుకు నమిలే బిళ్ళ) వాడితే బరువు పెరగడం కొన్నాళ్ళు వాయిదా పడుతుంది. లేచిన అరగంటలోపే వెలిగించేవాళ్ళకు 4 మిల్లీగ్రాములది, లేకుంటే 2. డాక్టరును అడిగే కొను. చాలామంది దాన్ని వక్కపొడి నమిలినట్టు నమిలి మింగుతారు. నికోటిన్ కడుపులోకి పోయి ఎక్కిళ్ళు, గుండెమంట. మెల్లగా నమలాల, నోరు చురుక్కుమనగానే ఆపి బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టాల, చురుకు తగ్గితే మళ్ళీ నమలాల. ఒక్కోటి అరగంట. టీ, కాఫీ తాగిన 15 నిమిషాలదాకా వద్దు, నికోటిన్ నోట్లో సరిగా ఇంకదు.

ఉగ్గాని తిని, టీ తాగి, సిగరెట్ వెలిగించే ఆ పది నిమిషాలే గండం. చెయ్యి ఖాళీగుంటే ఇంకో రెండు బజ్జీలు లోపలికి పోతాయి. టీ గ్లాసుతో అక్కడినుంచి లేచిపో. జేబులో వేయించిన శెనక్కాయలు పెట్టుకోవద్దు, సగం నూనే. దోసకాయ ముక్కలు నములు.

వేలు పోసి ఉమ్మి పంపే జీన్ టెస్టు మాత్రం దండగ. రిపోర్టులో ఏ రకం వచ్చినా మందు నడకే: ఒళ్ళు కదిలించేవాళ్ళలో ఎఫ్‌టీఓ పెంచే లావు ముప్పు పావు వంతుకు పైగా తగ్గుతుందని 2011లోనే లెక్క తేలింది.